లైన్ డ్యూటీ: యార్క్‌షైర్‌లో నాలుగు రోజులు

జూన్ 21, 2024, శుక్రవారం: కీథ్లీ నుంచి హావర్త్‌కు

ఊరి పేరు ఇంగ్లిష్‌లో చదివితే కీగ్లీ అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ స్టేషన్లో నేను అలాగే అడిగితే పక్కనున్న పెద్దావిడ ఒక్క క్షణం ఆలోచించి, "ఓ, కీథ్లీనా అమ్మా" అన్న ధోరణిలో సరిదిద్దింది. స్పెల్లింగులో ఎక్కడా లేని 'థ' వీళ్ల నోట్లో పలుకుతుంది. ఆవిడ నన్ను 'లవ్' అని పిలిచింది. మూడు రోజుల్లో ఆ పిలుపు నాకు బస్సు డ్రైవరు నుంచి, టీ కొట్టు అమ్మాయి నుంచి, గొర్రెల దొడ్డి దగ్గర ఎదురైన ముసలాయన నుంచి వినిపించింది. మనవైపు ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా 'అమ్మా' అంటామే, సరిగ్గా అలాంటిదే.

లీడ్స్ నుంచి అరగంట లోపే చేరాం. నేను, మా అమ్మాయి. అది లీడ్స్‌లో రెండేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. "అమ్మా, లండన్ చూద్దాం, స్కాట్లండ్ చూద్దాం" అని పట్టుబట్టింది. నాకు మాత్రం ఒక చిన్న స్టేషన్ చూపిస్తే చాలన్నాను. ఆ స్టేషన్ పేరు ఓక్‌వర్త్. 1970లో వచ్చిన 'ద రైల్వే చిల్డ్రన్' సినిమాను తీసింది అక్కడే.

కీథ్లీలో 1, 2 ప్లాట్‌ఫారాలు ఇప్పటి కరెంటు రైళ్లవి. 3, 4 మాత్రం పాత ఆవిరి బండ్లు నడిపే కీథ్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వేవి. మేం వెళ్లేసరికి ఆ పూట బండ్లు అయిపోయాయి. గేటు ఇవతల నుంచే చూశాను. గాజు పైకప్పు, ఇనుప స్తంభాలు, గోడ మీద పాత రేకు ప్రకటనలు. ఒకే స్టేషన్లో పట్టాలకు ఇటువైపు ఈ శతాబ్దం, అటువైపు పోయిన శతాబ్దం ఉన్నాయి.

బస్సెక్కాం. 2024లో ఈ జిల్లాలో ఎక్కడికైనా బస్సు టిక్కెట్టు రెండు పౌండ్లే ఉండేది. ఆ నెల పౌండు నూట ఆరు రూపాయల దగ్గర ఉంది. లీడ్స్‌లో ఒక కప్పు కాఫీకి దాదాపు నాలుగు పౌండ్లు ఇచ్చిన చేతికి ఇది ఎంతో ఊరట.

హావర్త్ కొండ వాలున కట్టిన ఊరు. నల్లబడిన ఇసుకరాతి ఇళ్లు, పలకరాళ్లు పరిచిన నిట్టనిలువు వీధి. ఇక్కడి రాయి మొదట తేనె రంగులో ఉంటుందట, మిల్లుల పొగ తిని నల్లబడిందట. మేం దిగిన ఇంటి యజమానురాలు చెప్పింది. రాత్రికి తొంభై అయిదు పౌండ్లు, పొద్దుటి ఫలహారంతో కలిపి.

రాత్రి తొమ్మిదైనా వెలుగు పోలేదు. చేపలు, బంగాళదుంప వేపుడు దొరికే కొట్టుకు వెళ్లాం. ఆర్డరిచ్చే ముందు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపి, ఏ నూనెలో వేయిస్తారని కౌంటర్ దగ్గరి కుర్రవాణ్ణి అడిగింది. యార్క్‌షైర్‌లో చాలా చోట్ల ఆవు కొవ్వులోనే వేయిస్తారు, అదే అసలు రుచి అంటారు. అతను దాచకుండా చెప్పాడు. మేం తినమని తెలిశాక ఏమీ నొచ్చుకోకుండా, మెట్ల వీధి దిగువన ఇంకో కొట్టులో మామూలు నూనె వాడతారని దారి చూపించి, అది మూసే వేళ కూడా చెప్పాడు. బేరం పోతుందని తెలిసీ పక్క కొట్టుకు పంపించే మనిషిని నేను మరిచిపోలేను. ఆ రెండో కొట్టులో ఒక్కో పొట్లం పదకొండు పౌండ్లు. చేప జానెడున్నర ఉంది. పక్కన పచ్చ బఠాణీల గుజ్జు. ఉప్పు, వెనిగర్ తప్ప కారం అన్నది లేదు. బ్యాగులో తెచ్చుకున్న కందిపొడి పొట్లం విప్పాను. వేడి వేడి దుంప ముక్కలకు అది అద్భుతంగా కుదిరింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం బిట్రగుంట.

మా నాన్న గూడ్సు గార్డు. నెల్లూరు జిల్లా బిట్రగుంట అంటే ఆ రోజుల్లో లోకో షెడ్డు, ఆవిరి ఇంజన్లు, రైల్వే కాలనీ. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. ఇన్‌స్టిట్యూట్‌లో నెలకోసారి ఇంగ్లిష్ సినిమా వేసేవారు. 1978లో, నాకు పదేళ్లప్పుడు, ఈ సినిమా వేశారు. పెద్దవాళ్లకు కుర్చీలు, మాకు చాపలు. ప్రొజెక్టరు టకటక ఒకపక్క, మెయిన్ లైను మీద వెళ్లే మెయిలు కూత ఒకపక్క. బండి వెళ్లినంతసేపు తెర మీద వాళ్ల పెదాలు మాత్రమే కదిలేవి. అయినా మాకు నష్టం లేదు, ఎందుకంటే మాకు ఇంగ్లిష్ రాదు. నాన్న మా మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, ప్రతి సీనూ తెలుగులో చెప్పేవాడు. కాసేపటికి చుట్టుపక్కల పిల్లలంతా జరిగి జరిగి నాన్న చుట్టూ చేరారు.

కథ చిన్నది. లండన్‌లో దర్జాగా బతికే కుటుంబం. క్రిస్మస్ రాత్రి ఇద్దరు మనుషులు వచ్చి తండ్రిని తీసుకెళతారు. తల్లి ముగ్గురు పిల్లల్ని తీసుకుని యార్క్‌షైర్ పల్లెకు వచ్చేస్తుంది. పిల్లలకు ఏమీ చెప్పదు. వాళ్లు రోజూ కంచె దగ్గర నిలబడి వెళ్లే రైలుకు చేతులూపుతారు, తమ ప్రేమను లండన్‌లోని నాన్నకు చేర్చమని. మేమూ అంతే. బండి వస్తే చెయ్యి ఊపకుండా ఉన్న రైల్వే పిల్లలు ఎవరు?

ఆ ఇద్దరు మనుషులు వచ్చిన సీనులో నాన్నను అడిగాను, ఎక్కడికి తీసుకెళుతున్నారని. "లైన్ డ్యూటీ మీదమ్మా. పని కాగానే వచ్చేస్తాడు" అన్నాడు. బండితో ఊరు దాటి వెళ్లే డ్యూటీని మా ఇళ్లలో అలాగే అనేవాళ్లు.

జూన్ 22, శనివారం: బండిలో, ఓక్‌వర్త్‌లో

పొద్దున యజమానురాలు గుడ్లు, పుట్టగొడుగులు, కాల్చిన టమాటా, తియ్యటి సాసులో ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టింది. యార్క్‌షైర్ టీ మాత్రం నా మనసుకు నచ్చింది. రంగు, చిక్కదనం మన టీకి దగ్గర. పాలు వేరుగా ఇస్తారు, మరిగించరు, అంతే తేడా.

కీథ్లీకి తిరిగి వెళ్లి మొదటి బండి ఎక్కాం. రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగే టిక్కెట్లు ఇద్దరికీ కలిపి నలభై పౌండ్లకు కాస్త అటూ ఇటూ. ఇంజను నీళ్లు పట్టుకుంటోంది. ఆవిరి సిలిండర్లోంచి బుస్సుమంది. వేడెక్కిన నూనె, తడి బొగ్గు కలిసిన వాసన ముక్కుకు తగలగానే నాకు మా ఇంటి వరండా, గోడకు తగిలించిన నాన్న తెల్ల కోటు, దాని మెడ దగ్గర ఎంత ఉతికినా పోని మసి గుర్తొచ్చాయి. మా అమ్మాయికి అవేమీ తెలియవు. అది పుట్టేనాటికి బిట్రగుంటలో పొగ లేదు.

ఈ లైను మొత్తం కలిపి అయిదు మైళ్లు. కీథ్లీ, ఇంగ్రో, డామెమ్స్, ఓక్‌వర్త్, హావర్త్, ఆక్సెన్‌హోప్. ఆరు స్టేషన్లు. 1867లో మొదలైంది. లాభం లేదని 1961 చివర్లో ప్రయాణికుల బండ్లు, మరుసటి ఏడాది సరుకు బండ్లు ఆపేశారు. ఊళ్లవాళ్లు, రైలు ప్రేమికులు సంఘం కట్టి లైనును నిలబెట్టుకున్నారు, 1968 జూన్ 29న మళ్లీ నడిపించారు. ఇంకో రెండేళ్లకే సినిమావాళ్లు వచ్చారు. ఇప్పటికీ డ్రైవరు, ఫైర్‌మ్యాన్, సిగ్నలు కేబిన్ మనిషి, టిక్కెట్లు చూసేవాడు దాదాపు అందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే. మా పెట్టెలోకి వచ్చిన టిక్కెట్ కలెక్టరు ఇరవై ఏళ్ల కుర్రాడు. యూనిఫాం ఇస్త్రీ చూస్తే మా నాన్న మెచ్చుకునేవాడు.

డామెమ్స్ ప్లాట్‌ఫారం ఒక పెట్టె పొడవు ఉంటుందేమో. పూలకుండీలు, చిన్న గేటు, ఒక కేబిన్. అది దాటాక లోయ ఇరుకైంది. ఎడమపక్క వాగు. గొర్రెలు తల కూడా ఎత్తలేదు.

ఓక్‌వర్త్‌లో దిగాం.

ఏమని చెప్పను! 46 ఏళ్లుగా నా కళ్లలో ఉన్న స్టేషన్ ఉన్నది ఉన్నట్టుగా ఎదురుగా ఉంది. బోర్డు మీద అదే పేరు, సినిమా కోసం మార్చలేదు. గ్యాసు దీపాలు, తోళ్ల సూట్‌కేసులు పేర్చిన తోపుడు బండి, చేత్తో తోసి మూసే తెల్ల గేట్లు. గేటు పక్కనే పోర్టరు పెర్క్స్ ఇల్లు. ఆ పాత్ర వేసిన బెర్నార్డ్ క్రిబ్బిన్స్ 2022లో కన్నుమూశారు. వెయిటింగ్ గదిలో బొగ్గు పొయ్యి దగ్గర ఆయన ఫొటో ఉందేమోనని వెతుకుతుంటే, అక్కడ కూర్చున్న ఒక ముసలి దంపతులు ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగారు. నా సంగతి చెప్పాను. ఇండియాలో కూడా ఈ సినిమా చూశారా అని ఇద్దరూ నిజంగా ఆశ్చర్యపోయారు. ఆమె తన మూడేళ్ల మనవరాలికి కూడా చూపించిందట. "చివరి సీను వస్తే మా ఆయన వంటింట్లోకి వెళ్లిపోతాడు" అంది. ఆయన కాదనలేదు, కిటికీలోంచి బయటికి చూశాడు.

చివరి సీను అంటే అందరికీ తెలుసు. ప్లాట్‌ఫారం మీద పెద్దమ్మాయి ఒక్కతే ఉంటుంది. బండి వెళ్లిపోతుంది. ఆవిరి తెరలా నిండి ఉంటుంది. అది పలుచబడుతుంటే ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆ పిల్ల "డాడీ, మై డాడీ" అని పరుగెత్తుతుంది. ఆ పాత్ర వేసిన జెన్నీ అగట్టర్‌కు అప్పుడు పదిహేడేళ్లు. చెల్లెలిగా వేసిన శాలీ థామ్సెట్‌కు ఇరవై! అక్క కంటే చెల్లెలు పెద్దది. అందుకని షూటింగ్ రోజుల్లో ఆమె బయట సిగరెట్టు తాగుతూ, స్నేహితుడితో తిరుగుతూ కనబడకూడదని ఒప్పందంలో రాయించుకున్నారట. దర్శకుడు లయొనెల్ జెఫ్రీస్ అసలు నటుడు, ఇది ఆయన దర్శకత్వం వహించిన మొదటి సినిమా. పిల్లల సినిమాను ఇంత ఓపికగా, ఇంత మర్యాదగా తీసినవాళ్లు చాలా తక్కువ అని నా అభిప్రాయం. పెర్క్స్ పుట్టినరోజు సీను చాలు. పిల్లలు ఊరంతా తిరిగి బహుమతులు పోగుచేస్తే అతను ధర్మం చేస్తున్నారా అని కోప్పడతాడు. ఎవరు ఏ మాటతో ఇచ్చారో పిల్లలు విడమరిచి చెప్పాకే తీసుకుంటాడు. ఆ ఆత్మాభిమానం మా కాలనీలో ప్రతి క్వార్టర్లో ఉండేది.

మధ్యాహ్నం బండికి గార్డుగా ఉన్నాయన అరవై దాటినవాడు. మా నాన్న గార్డు అని చెప్పగానే టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తన చోటులోకి రమ్మని పిలిచాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా చుట్టి పక్కపక్కనే ఉన్నాయి. ఒక డబ్బా మూత తీసి చూపించాడు. గుండ్రటి రేకు బిళ్లలు, రెండు వైపులా వంచి పట్టాకు చుట్టే సీసపు పట్టీలు. డిటోనేటర్లు! వాటి మీది నుంచి చక్రం వెళితే ఢామ్మని పేలుతుంది, డ్రైవరు బండి ఆపేస్తాడు. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది: అడ్డంకికి ఆరు వందల మీటర్ల దూరాన ఒకటి, పన్నెండు వందల మీటర్లకు మూడు, పది మీటర్ల ఎడంతో. ఆయన నవ్వి, తమ దగ్గర దూరాలు వేరన్నాడు, తమవి చెప్పాడు.

ఆ లెక్క నాకు సినిమా నుంచే వచ్చింది. సినిమాలో కొండచరియ విరిగి పట్టాల మీద పడుతుంది. బండి వచ్చే వేళ అయింది. అక్కచెల్లెళ్లు లోపల వేసుకున్న ఎర్ర ఉన్ని లంగాలు విప్పి, చింపి, కర్రలకు కట్టి, ఎదురెళ్లి ఊపుతారు. ఇంజను పెద్దమ్మాయి ముందు ఆగుతుంది, ఆమె స్పృహ తప్పి పడిపోతుంది. మేమంతా ఊపిరి బిగబట్టి ఉంటే నాన్న మాత్రం "వాళ్ల దగ్గర డిటోనేటర్లు లేవు కదా పాపం" అని మీటర్లన్నీ చెప్పాడు. మర్నాటి నుంచి నేను, అన్నయ్య ఇంటి వెనక అంగలు కొలిచి పెంకులు పెట్టి ఆడుకున్నాం.

గార్డు చోటులో నేను ఇంకో వస్తువు కోసం చూశాను, కనిపించలేదు. లైన్ బాక్సు. మన గార్డులకు నల్లటి ఇనప్పెట్టె ఉండేది, మూత మీద తెల్ల రంగుతో పేరు రాసి. జెండాలు, చేతి దీపం, డిటోనేటర్లు, రూల్సు పుస్తకం అన్నీ అందులోనే. నాన్న డ్యూటీ దిగాడంటే ముందు పెట్టె కనబడేది, తర్వాత నాన్న. పెట్టె లేకుండా ఒక్కసారి వచ్చినట్టు చిన్నప్పటి జ్ఞాపకం ఒకటుంది. పగటి పూట, ఎండలో, మాసిన గడ్డంతో. కలేమో అనుకునేదాన్ని.

జూన్ 23, ఆదివారం: సొరంగం, దారి తప్పిన పొలం, ఆక్సెన్‌హోప్

నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్ల ఇల్లు హావర్త్‌లోనే ఉంది. చాలామంది ఈ ఊరికి దానికోసమే వస్తారు. సినిమాలో డాక్టరు ఇల్లుగా చూపించింది కూడా ఆ ఇంటినే. మేం బయటి నుంచి చూసి, సమాధుల మధ్య కాకుల గోల వింటూ కాసేపు నిలబడి, కిందికి నడిచాం.

హావర్త్, ఓక్‌వర్త్ మధ్య మైథోమ్స్ సొరంగం ఉంది. సినిమాలో కాగితాల వేట ఆటలో పరుగెత్తే కుర్రాడు కాలు విరిగి పడిపోయే చోటు. తెర మీద చీకటి గుయ్యారంలా ఎంతో పొడవుగా ఉంటుంది. అసలు పొడవు డెబ్బై అయిదు గజాలే. ముందు కాన్వాసు గుడారం బిగించి పొడుగు చూపించారు. పట్టాల దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వరు, వెళ్లకూడదు కూడా. రాతిగోడ మీదుగా చూశాం. కొండచరియలు విరిగిన సీనూ ఈ దాపునే తీశారు. ఇప్పుడు అక్కడ పొదలు, అడవి పూలు.

అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఆక్సెన్‌హోప్ దాకా నడక. సినిమా చోట్లన్నీ కలుపుతూ ఒక నడకదారి ఉంది. వాగు పక్కనే వెళ్లాలి. మేం మాట్లాడుకుంటూ వాగు వదిలి పైకెక్కాం. ఇక్కడ పొలాల మధ్య రాతి గోడలు. దాటడానికి గోడలోనే మనిషి పక్కకు తిరిగి దూరేటంత సందు ఉంటుంది, గొర్రె పట్టదు. అలాంటి మూడు సందులు దూరాక దారి లేదు. నలభై గొర్రెలు, మేమిద్దరం. ఒక ముసలాయన కుక్కతో వచ్చాడు. ఎవరి పొలంలో నిలబడ్డారని అంటాడనుకున్నాను. "దారి తప్పారా లవ్" అన్నాడు. మూడు చెట్లు చూపించి వాటికి ఎడమగా దిగమన్నాడు. ఆయన యాస మా అమ్మాయికే సగం అర్థమైంది, నాకు చేతి సైగ మాత్రం పూర్తిగా అర్థమైంది. గేటు తీస్తే మళ్లీ వెయ్యాలి, కుక్కను తాకేముందు అడగాలి, ఎదురుపడితే పలకరించాలి. ఈ మూడూ పాటిస్తే ఇక్కడి పల్లెల్లో ఎవరూ ఏమీ అనరని అర్థమైంది.

పిల్లలు ఉన్న ఇల్లుగా చూపించింది ఆక్సెన్‌హోప్ దగ్గర బెంట్స్ ఫాం. ఇప్పటికీ ఎవరో ఉంటున్న ఇల్లు. దూరంగా దారి మీది నుంచే చూశాం. దండెం మీద బట్టలు ఆరుతున్నాయి. ఫొటో తీయబుద్ధి కాలేదు.

ఆక్సెన్‌హోప్ లైనుకు ఆఖరి స్టేషన్. షెడ్డులో సినిమాలో నడిచిన చిన్న ఇంజను 5775 ఉంది. దాని చక్రం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఇంజను చల్లగా ఉండటం నాకు అలవాటు లేదు.

పాత రైలు పెట్టెలో ఫలహారశాల. టీ, విరిగిన పాలతో చేసే తియ్యటి టార్టు, ఇద్దరికీ పది పౌండ్లు. ఆ టార్టు తింటే జున్ను గుర్తొచ్చింది. మిరియం బదులు జాజికాయ. మన జున్ను దీని కంటే మెత్తన.

అప్పుడు మనకు సాయంత్రం నాలుగున్నర. అన్నయ్యకు వీడియో కాల్ చేశాను. కెమెరా తిప్పి ఇంజను చూపించాను, ఓక్‌వర్త్ ఫొటోలు పంపానన్నాను. మాటల్లో, "నాన్నకు ఇంగ్లిష్ సరిగా రాక ఆ తండ్రి లైన్ డ్యూటీకి వెళ్లాడని చెప్పాడు కదా అన్నయ్యా, డిగ్రీలో నవల చదివేదాకా నేనూ అదే నమ్మాను" అన్నాను. 1906లో వచ్చిన ఈ. నెస్‌బిట్ నవల మా కాలేజీ లైబ్రరీలో దొరికింది. దేశ రహస్యాలు అమ్మాడన్న అబద్ధపు ఆరోపణ మీద ఆ తండ్రిని జైల్లో పెట్టారని అప్పుడు తెలిసింది. నాన్నను మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమో అనుకున్నాను. 2009లో పోయాడు.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. నెట్‌వర్క్ పోయిందనుకున్నాను.

"నాన్నకు ఇంగ్లిష్ ఎందుకు రాదే? రూల్సు పుస్తకం అంతా ఇంగ్లిష్‌లోనే కదా. పేజీలకు పేజీలు అప్పజెప్పేవాడు" అన్నాడు. తర్వాత చెప్పాడు. 1974 మేలో రైల్వే సమ్మె జరిగింది. దేశమంతా పదిహేడు లక్షల మంది పాల్గొన్నారంటారు. మే 8న మొదలై 27న ఆగింది. వేల మందిని జైళ్లలో పెట్టారు. నాన్న కూడా వెళ్లాడు. రాత్రి ఇద్దరు వచ్చి తలుపు తట్టి తీసుకెళ్లారట. అన్నయ్యకు పదేళ్లు, మెలకువగా ఉన్నాడు. నాకు ఆరేళ్లు, నిద్రపోతున్నాను. పొద్దున లేచి నాన్న ఏడని అడిగితే అమ్మ, "లైన్ డ్యూటీకి వెళ్లాడు" అని చెప్పింది.

"సినిమా నుంచి వస్తుంటే దారిలో నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, ఆ సినిమాలో తండ్రి అసలు సంగతి నాకు చెప్పాడు. చెల్లికి చెప్పకురా, అది పడుకున్నప్పుడు ఉలిక్కిపడుతుంది అన్నాడు. నేను చెప్పలేదు. తర్వాత చెప్పాల్సిన సందర్భం రాలేదు."

46 ఏళ్లు. మా అమ్మాయి టార్టు ప్లేటు పక్కకు జరిపి నా చెయ్యి పట్టుకుంది. బయట ఇంజను ఈ కొస నుంచి ఆ కొసకు మారడానికి పక్క పట్టా మీదుగా వెళుతోంది. ఫలహారశాల పెట్టె సన్నగా అదిరింది.

జూన్ 24, సోమవారం: మళ్లీ ఓక్‌వర్త్, తర్వాత బ్రాడ్‌ఫర్డ్

ఆ పూట బండి ఉందో లేదో కూడా చూసుకోలేదు. బస్సు దిగి స్టేషన్ రోడ్డు వెంట దిగాను. గేటు వేసి ఉంది. కంచె ఇవతల నిలబడి ప్లాట్‌ఫారం చూశాను. ఎవరో ఒకాయన నిచ్చెన మీద నిలబడి గ్యాసు దీపం అద్దం తుడుస్తున్నాడు. లోపలికి వస్తారా అన్నట్టు చూశాడు. వద్దని చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు.

సినిమాలో ఆ తల్లి ఎంత మాట దాచిందో అప్పుడు నాకు కొత్తగా అర్థమైంది. పదేళ్ల వయసులో నేను పిల్లల వైపు నిలబడి చూశాను. ఇప్పుడు మా అమ్మ కనిపిస్తోంది. పందొమ్మిది రోజులు, జీతం రాదు, క్వార్టరు ఖాళీ చేయమంటారన్న భయం. అయినా పొద్దున్నే నాకు జడ వేసి రిబ్బను కట్టి, నాన్న డ్యూటీలో ఉన్నాడని చెప్పిన గొంతులో వణుకు నాకు గుర్తులేదు. వణుకు లేకుండా చెప్పి ఉంటుంది.

మధ్యాహ్నం బ్రాడ్‌ఫర్డ్. యునెస్కో 2009లో ప్రపంచంలో మొదటగా 'సినిమా నగరం' అన్న గుర్తింపు ఇచ్చింది ఈ ఊరికే. వీధుల్లో ఉర్దూ, పంజాబీ బోర్డులు. కొట్ల ముందు పాకిస్తాన్ మామిడి పెట్టెలు. ఒక హోటల్లో పప్పు, తందూరీ రొట్టె తిన్నాం, ఇద్దరికీ పద్దెనిమిది పౌండ్లు. వడ్డించే పెద్దాయన మా ఊరు అడిగి, నెల్లూరు ఎక్కడని అడిగి, మద్రాసుకు పైన అంటే తల ఊపి, డబ్బులు తీసుకోకుండా ఒక గిన్నెడు పెరుగు తెచ్చి పెట్టాడు. నాలుగు రోజుల్లో నేను కడుపునిండా తిన్న భోజనం అదే.

జూన్ 30, ఆదివారం: నెల్లూరు

అన్నయ్య భోజనానికి వచ్చాడు. ఓక్‌వర్త్ బోర్డు బొమ్మ ఉన్న రేకు బిళ్ల ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు. తిన్నాక ఇద్దరం కలిసి ఆ సినిమా పెట్టుకున్నాం. ప్రొజెక్టరు చప్పుడు లేదు, మధ్యలో మెయిలు కూతా లేదు. నేను మాటలన్నీ వింటూ చూశాను. ఆ ఇద్దరు మనుషులు తలుపు దగ్గరికి వచ్చినప్పుడు అన్నయ్య నా వైపు చూడలేదు.

చివరి సీనుకు నాన్న ఏమని చెప్పాడో గుర్తుందా అని అడిగాను. ఏమీ చెప్పలేదన్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు ఏమైంది, ఏమైంది అని అడిగితే చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, చూడండి అన్నాడట.

నేను ఆ పగటి సంగతి అడిగాను. ఎండ, మాసిన గడ్డం. అది కల కాదన్నాడు అన్నయ్య. మే ఆఖరి రోజులు. మేమిద్దరం స్టేషన్లో వేపచెట్టు కింద ఆడుకుంటున్నామట. పాసింజరు ఆగి వెళ్లింది. ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి నాన్న నడిచి వస్తున్నాడు, రెండు చేతులూ ఖాళీగా. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి కాళ్లకు చుట్టుకుని, మొదట అడిగింది పెట్టె ఏదని.

"షెడ్డులో ఉందమ్మా, రేపు తెచ్చుకుంటా" అన్నాడట నాన్న.